టీలో పోసిన పాలు ఏమవుతాయి?

ఓపీ వరండాలో కూర్చున్నవారికి టీ గురించి రకరకాల మాటలు వినబడుతూ ఉంటాయి. "టీలో పాలు పోస్తే కడుపులో విరిగి విషమవుతాయట" అని ఒకరు. "గ్రీన్ టీ తాగితే తిన్న కొవ్వంతా అరగకుండా బయటికి పోతుందట, నెలలో ఐదు కిలోలు తగ్గొచ్చట" అని మరొకరు. ఇక మూడవది మాట కాదు, పని. రెండేళ్ల బిడ్డకు సాసరులో టీ పోసి, రస్కు ముంచి నోట్లో పెడుతూ, "పాలే కదండీ, బలమే" అనుకునే తల్లులు మనకు రోజూ కనబడతారు.

ఈ మూడింటి వెనుకా ఉన్న ప్రశ్న ఒక్కటే. ఆకులోని వగరు పదార్థం పాలలోని మాంసకృత్తులతోనూ కొవ్వుతోనూ కలిస్తే అరుగుదల ఎలా ఉంటుంది? ఆహార శాస్త్రజ్ఞులు దీనిమీద చాలాకాలంగా పని చేస్తున్నారు. వారు కనుగొన్నదాన్ని సగం విని సరుకు అమ్ముకునేవారు ఒకవైపు, సగం విని భయపెట్టేవారు మరొకవైపు జనాన్ని లాగుతున్నారు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. సంగతంతా పాళ్లలో ఉంది. ఎన్ని పాలకు ఎంత వగరు, తాగేది ఎవరు, దేనితోపాటు తాగుతున్నారు అన్నది చూడకుండా టీ మంచిదనో చెడ్డదనో తేల్చేయడం తగదు.

ముందు పాల సంగతి చూద్దాం. పాలు కంటికి ఒకే తెల్లని ద్రవంలా కనిపిస్తాయి గానీ, నిజానికి అవి నీళ్లలో చెదిరి ఉన్న లెక్కలేనన్ని కొవ్వు బొట్లు. నూనె, నీరు కలవవని వంట చేసే ప్రతివారికీ తెలుసు. మరి పాలలో ఎలా కలిసి ఉన్నాయి? ప్రతి బొట్టు చుట్టూ ఒక పలుచని పొర ఉండి, ఒక బొట్టును ఇంకొక బొట్టుతో కలవనివ్వదు. ఇలాంటి మిశ్రమాన్ని ఎమల్షన్ అంటారు. అప్పుడే పిండిన పాలలో ఈ బొట్టు సగటున మిల్లీమీటరులో 250వ వంతు ఉంటుంది. అందుకే పాలు కదపకుండా ఉంచితే మీగడ పైకి తేలుతుంది. డెయిరీలో హోమోజినైజ్ చేసిన ప్యాకెట్ పాల తీరు వేరు. అక్కడ పాలను గొప్ప ఒత్తిడితో సన్నని సందులోంచి నెడతారు. బొట్లు మిల్లీమీటరులో వెయ్యోవంతు కంటే చిన్నవిగా పగిలిపోతాయి. బొట్టు చిన్నదయ్యేకొద్దీ కప్పవలసిన పైభాగం పెరుగుతుంది, పుట్టుకతో వచ్చిన పొర చాలదు. అప్పుడు పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు వచ్చి ఆ బొట్లను కప్పుకుంటుంది. ఆవుపాల మాంసకృత్తులలో 80 శాతం దాకా కేసీనే. ఐస్‌క్రీము, పసిపిల్లల డబ్బాపాలు కూడా ఇలా మాంసకృత్తుల పొర కప్పుకున్న కొవ్వు బొట్లే.

ఇక వగరు. పచ్చి అరటికాయ, నేరేడుపండు, వక్క, కరక్కాయ, దానిమ్మ తొక్క, టీ ఆకు, వీటన్నింటిలో వగరు ఉంటుంది. ఆ వగరుకు కారణమైన పదార్థాలను పాలీఫినాల్స్ అంటారు. వాటిలో ఒక తెగ పేరు టానిన్లు. నేరేడుపండు తిన్నాక నాలుక గరుకుగా, పట్టేసినట్టుగా ఉంటుంది కదా, అది ఈ టానిన్లు మన ఉమ్మిలోని జారుడు మాంసకృత్తులను పట్టుకుని ముద్దకట్టించడం వలన కలిగేది. మన ప్రాంతంలో వెనుకటి నుంచీ తంగేడు చెక్కతోనూ కరక్కాయతోనూ తోళ్లను శుద్ధి చేసేవారు. పచ్చితోలు కూడా మాంసకృత్తే. టానిన్ దాన్ని గట్టిగా పట్టుకున్నాక సూక్ష్మజీవులు దాన్ని అరిగించుకోలేవు, తోలు కుళ్లదు, చెప్పుగా ఏళ్ల తరబడి ఉంటుంది.

కాబట్టి అసలు ప్రశ్నను ఇలా అడగవచ్చు. తంగేడు చెక్క తోలుకు చేసే పనే టీ మన కడుపులో పాలకు చేస్తుందా?

కొంతవరకు చేస్తుంది. కేసీన్ మడతలు పడి బిగుసుకుపోయిన పదార్థం కాదు, వదులుగా విప్పుకుని ఉంటుంది. అందువలన టీలోని పాలీఫినాల్స్‌కు అది సులువుగా దొరుకుతుంది. డికాషన్‌లో పాలు పోయగానే వగరు తగ్గేది ఇందుకే. నాలుక మీది మాంసకృత్తులకు బదులు పాలలోని కేసీన్ ఆ వగరును తనమీద వేసుకుంటుంది. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో డికాషన్‌ను గంటల తరబడి మరిగించి కూడా నోరు పట్టేయకుండా ఇవ్వగలగడం వెనుక విడిగా చిక్కగా కాచిన పాల పాత్ర ఎంతో ఉంది.

ఈ పాలు కడుపులోకి వెళ్లాక ఏమవుతుందో చూద్దాం. అక్కడ ఆమ్లం, పెప్సిన్ అనే ఎంజైము ఎదురుచూస్తుంటాయి. పాలు విరుగుతాయి. విరగవలసిందే. తల్లిపాలు తాగే పసిబిడ్డ కడుపులో కూడా పాలు విరిగే అరుగుతాయి. బిడ్డ కక్కినప్పుడు తెల్లని పెరుగుముక్కల్లాంటివి పడితే తల్లి కంగారుపడుతుంది గానీ అది సహజం. కనుక "పాలు విరిగి విషమవుతాయి" అనేదాన్ని ఇక్కడే వదిలేయవచ్చు. పెప్సిన్ కొవ్వు బొట్టు మీది కేసీన్ పొరను ముక్కలు చేస్తుంది. పొర పోయిన బొట్లు ఒకదానితో ఒకటి కలుస్తాయి. కొవ్వులో 10 నుంచి 30 శాతం దాకా అరుగుదల కడుపులోనే మొదలవుతుంది. మిగిలినది చిన్నప్రేగులో. అక్కడ పైత్యరసం వచ్చి బొట్టు మీద మిగిలిన మాంసకృత్తును పక్కకు నెట్టి ఆ చోటు తాను తీసుకుంటుంది. ఆ తరువాత క్లోమం నుంచి వచ్చిన లైపేజ్ అనే ఎంజైము కొవ్వును విడగొడుతుంది.

పాలీఫినాల్స్ ఈ దారిలో పలుచోట్ల అడ్డు తగలగలవు. పొరను బిగించి పెప్సిన్ కత్తెరకు లొంగకుండా చేయగలవు. ఎంజైములు కూడా మాంసకృత్తులే కనుక వాటినే పట్టుకోగలవు. బొట్లను ముద్దలుగా చేర్చి, ఎంజైముకు అందే పైభాగాన్ని తగ్గించగలవు. ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, చిన్నప్రేగును పోలిన ద్రవంలో ఆలివ్ నూనెకు టీ పాలీఫినాల్స్ కలిపితే బొట్లు పెద్దవయ్యాయి. టీలోని ముఖ్యమైన పాలీఫినాల్ ఈజీసీజీ గాజుపాత్రలో లైపేజ్‌ను అణచివేస్తుందని కూడా తెలుసు. "కొవ్వును కరిగించే టీ" అన్న ప్రకటనల పునాది ఇలాంటి ప్రయోగాలే.

ప్రయోగాలు నిజమే. ప్రకటన మాత్రం నిజం కాదంటాము. గాజుపాత్రలో ఎంజైమును కొలిచి పోస్తారు, టీ సారాన్ని కూడా కొలిచి పోస్తారు. మనిషి క్లోమం అలా కొలిచి ఇవ్వదు. అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువగా ఎంజైములను కుమ్మరిస్తుంది. సారా వలన క్లోమం పాడైన రోగులను చూసే వైద్యులకు ఇది బాగా తెలుసు. క్లోమం శక్తిలో 90 శాతం దాకా పోతే తప్ప మలంలో కొవ్వు కనబడదు. అంతటి నిల్వ ఉన్న అవయవాన్ని రెండు కప్పుల టీ ఓడిస్తుందా? పోనీ, లైపేజ్‌ను నిజంగా ఆపే మందు ఒకటి ఉంది, దాని పేరు ఆర్లిస్టాట్. అది 120 మిల్లీగ్రాముల చొప్పున పూటకొకటి వేసుకుంటే తిన్న కొవ్వులో సుమారు 30 శాతం అరగకుండా పోతుంది. అది వాడేవారికి మలం నూనెగా వస్తుంది, ఒక్కోసారి లోదుస్తులు పాడవుతాయి, విటమిన్లు విడిగా ఇవ్వవలసి వస్తుంది. టీ నిజంగా కొవ్వును ఆపుతూ ఉంటే మన ఊళ్లలో సగంమందికి ఆ ఇబ్బంది ఉండేది. మరుగుదొడ్డిలో కనబడని ఫలితం ప్రకటనలో మాత్రం కనబడుతోందంటే అనుమానించవలసినది ప్రకటననే.

పాళ్ల లెక్క కూడా చూడండి. మన ఇళ్లలో 150 మిల్లీలీటర్ల టీలో సగం పాలు ఉంటాయనుకుందాం. అందులో రెండు గ్రాములకు పైగా మాంసకృత్తులు, టోన్డ్ పాలైతే ఇంచుమించు అంతే కొవ్వు ఉంటుంది. పాలీఫినాల్స్ ఒకటి రెండు వందల మిల్లీగ్రాములు. అంటే పట్టుకునేవాడు ఒకడుంటే దొరికేవారు పదిమంది. విదేశాలలో ఒక చెంచా పాలు చిలకరించిన టీతో చేసిన పరీక్షల ఫలితాన్ని మన చిక్కని టీకి యథాతథంగా అంటించడం కుదరదు. పైగా ఈ పట్టు తోలులో లాగా శాశ్వతమైనది కాదు. పెప్సిన్ కేసీన్‌ను తుంచేకొద్దీ పాలీఫినాల్స్ విడుదలవుతూ ఉంటాయి. అవి చాలావరకు పెద్దప్రేగు దాకా వెళ్లి అక్కడి సూక్ష్మజీవుల చేతిలో విరిగిపోతాయి. కనుక ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి పాల టీ వలన ఆ పాలలోని బలంలో పోయేది స్వల్పం. అరుగుదల కొంచెం నెమ్మదించవచ్చు, ఆగిపోదు.

టీలోని మంచిని పాలు చెడగొడతాయా అన్న తిరగేసిన ప్రశ్న కూడా కొందరు చదువుకున్నవారు అడుగుతుంటారు. 2007లో బెర్లిన్‌లో 16 మంది స్త్రీలపై చేసిన పరీక్షలో పాలు కలిపిన టీకి రక్తనాళాలను సడలించే గుణం లేకుండా పోయింది. అంతకుముందు 1998లో నెదర్లాండ్స్‌లో 12 మందిపై చేసిన పరీక్షలో మాత్రం పాలు కలిపినా కలపకపోయినా రక్తంలోకి చేరిన టీ పాలీఫినాల్స్ ఒకే స్థాయిలో ఉన్నాయి. రెండూ చిన్న పరీక్షలు. వీటిని బట్టి ఎవరూ తమ టీ అలవాటు మార్చుకోనక్కరలేదని మా ఉద్దేశం.

మరి టీ వలన నష్టం ఎక్కడ? మేము నిజంగా కలతపడే చోట్లు వేరే ఉన్నాయి. అందులో మొదటిది మాత్రలుగా అమ్మే గ్రీన్ టీ సారం. కప్పులో ఉన్నప్పుడు పాలీఫినాల్స్ నీళ్లలో పలచబడి ఉంటాయి, భోజనంలోని మాంసకృత్తులు వాటిని కొంత పట్టి ఉంచుతాయి. అదే పదార్థాన్ని చిక్కబరిచి, మాత్రలో పెట్టి, బరువు తగ్గాలని ఉపవాసపు కడుపుతో మింగితే పట్టి ఉంచేదేదీ ఉండదు. ఒక్కసారిగా కాలేయం మీద పడుతుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో ఈ విషయం పరిశీలించింది. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీని మాత్రల రూపంలో తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరిగినట్టు తేల్చింది. మామూలుగా కాచి తాగే గ్రీన్ టీ సాధారణంగా క్షేమమేనని కూడా అదే సంస్థ చెప్పింది. "ఆకే కదా, ప్రకృతి సిద్ధమే కదా" అనే మాట ఇక్కడ పనికిరాదు. బరువు తగ్గే పొడులు, మాత్రలు వాడేవారు ఆ సీసానో పొట్లాన్నో డాక్టరుకు చూపించాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి చచ్చిపోయినా వెంటనే మానేసి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. ఇలాంటివి వాడే సంగతి చాలామంది అడిగితే తప్ప చెప్పరు. మందుల జాబితాలో దాన్ని లెక్కే వేసుకోరు.

ఇంతకంటే ఎక్కువమందికి తగిలే నష్టం ఇనుము విషయంలో ఉంది. పాలలోని కొవ్వునూ మాంసకృత్తులనూ టీ పెద్దగా దోచుకోలేదు గానీ, అన్నంలో, పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుమును బాగా దోచుకుంటుంది. 1975లో దక్షిణాఫ్రికా వైద్యులు ప్రచురించిన పరిశోధన దీనిలో మొదటి వరుసలోనిది. అన్నం, బంగాళదుంప ఉల్లిపాయల సూపు కలిపిన భోజనంతో టీ ఇస్తే ఇనుము ఒంటికి పట్టడం తగ్గిపోయింది. ఇనుము, టానిన్ కలిసి కరగని ముద్దయిపోవడమే కారణమన్నారు. వండిన హీమోగ్లోబిన్‌లోని ఇనుముకు మాత్రం ఆ దెబ్బ తగలలేదు. అంటే మాంసం అరుదుగా తినే పేద ఇంటికే నష్టం ఎక్కువ. 1999లో వచ్చిన మరో పరిశోధనలో రొట్టెతోపాటు తాగిన టీ వలన ఇనుము గ్రహింపు 79 నుంచి 94 శాతం దాకా పడిపోయింది. టీలో పాలు కలిపినా పెద్ద తేడా రాలేదు. పైన చెప్పినట్టు కేసీన్ పట్టు తాత్కాలికం. కడుపులో అది వదిలేసిన టానిన్లకు ఇనుమును పట్టుకోవడానికి అడ్డేమీ ఉండదు. పాలు పోశాం కదా, వగరు పోయింది కదా అనుకోవడానికి లేదు. పోయింది నాలుకకు మాత్రమే.

మన రాష్ట్రాలలో ఇది చిన్న సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దీనికి టీ ఒక్కటే కారణమని మేము అనడం లేదు. నులిపురుగులు, చాలని తిండి, వెంటవెంట కాన్పులు, నెలసరిలో ఎక్కువగా పోయే రక్తం, ఇవన్నీ ఉన్నాయి. కానీ వీటిలో రేపు ఉదయమే, పైసా ఖర్చు లేకుండా మార్చుకోగలిగినది టీ వేళ ఒక్కటే.

గర్భిణులకు ప్రభుత్వం రోజుకొక మాత్ర చొప్పున 180 రోజులు ఇస్తుంది. ఒక్కొక్కదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. "మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?" అని సిస్టర్ అడిగితే, "ఒక్కరోజు కూడా తప్పలేదు సిస్టరమ్మా" అంటుంది. అబద్ధం కాదు, అట్టలు చూపిస్తుంది. "దేనితో వేసుకుంటున్నావు?" అంటే, "పొద్దున్నే టీతో. ఉత్త నీళ్లతో అయితే కడుపులో తిప్పుతుంది" అంటుంది. రక్తం మాత్రం ఎనిమిది దాటదు. ఆమెను తిట్టి ప్రయోజనం లేదు. కడుపులో తిప్పడం నిజమైన బాధే. రాత్రి భోజనం అయ్యాక, పడుకునేముందు మంచినీళ్లతోనో నిమ్మకాయ నీళ్లతోనో వేసుకోమంటే చాలామందికి ఆ వికారం తెలియదు. పాలతో వద్దు, పాలలోని కాల్షియం కూడా ఇనుముకు పోటీయే. కాల్షియం మాత్ర ఇచ్చి ఉంటే దాన్ని వేరే పూటకు మార్చుకోవాలి.

టీ పూర్తిగా మానేయమని మేము చెప్పం. పొలం పనికో ఉపాధి పనికో వెళ్లే మనిషికి ఉదయం టీ ఎంత ఆసరానో మాకు తెలియనిది కాదు. వేళ మార్చుకుంటే చాలావరకు సరిపోతుంది. లండన్‌లో 2017లో ప్రచురితమైన పరీక్షలో, భోజనంతో కాకుండా గంట ఆగి టీ తాగినప్పుడు ఇనుముకు కలిగే నష్టం బాగా తగ్గింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా భోజనానికి కనీసం గంట ముందు, గంట తరువాత టీ కాఫీలు వద్దనే చెప్పాయి. అన్నం తిన్న చేయి కడుక్కోకముందే టీ కోసం కేకవేసే ఇళ్లలో ఇది కొంచెం కష్టమే. అయినా ఇంట్లో గర్భిణిగానీ, ఎదిగే ఆడపిల్లగానీ ఉంటే అత్తగారు పట్టుబడితే జరుగుతుంది. ఇలాంటి విషయాల్లో డాక్టరు మాట కంటే అత్తగారి మాటే ఎక్కువ చెల్లుతుందని మా అనుభవం.

చివరగా సాసరులో టీ తాగే ఆ బిడ్డ. పెద్దవారికి చెప్పిన పాళ్ల లెక్క బిడ్డకు వర్తించదు. బిడ్డ కడుపు చిన్నది. నాలుగు గుక్కల తియ్యటి టీతో, ఒక రస్కుతో అది నిండిపోతుంది. అందులోని పాలు యాభై మిల్లీలీటర్లు కూడా ఉండవు, అంటే ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు. ఇనుము అవసరం ఎక్కువగా ఉన్న వయసులో, దాన్ని పట్టేసే టానిన్ పూటపూటా లోపలికి వెళుతుంది. నిద్రను చెడగొట్టే కెఫీన్ కూడా ఉండనే ఉంది. 'బలం' అనుకుని పెడుతున్నది బలమైన తిండికి చోటు లేకుండా చేస్తోంది. ఆ యాభై మిల్లీలీటర్ల పాలనే టీలో పోయకుండా విడిగా కాచి ఇవ్వండి. ఆరు నెలలు దాటని బిడ్డకైతే తల్లిపాలు తప్ప ఏదీ వద్దు, అరగదీసిన కరక్కాయ కూడా వద్దు. ఏడాది దాటిన బిడ్డకు పొద్దున రస్కు స్థానంలో మెత్తగా పిసికిన పప్పన్నం ఒక చిన్న గిన్నెడు, పైన అర చెంచా నెయ్యి, దొరికినరోజు ఒక గుడ్డు పెట్టండి. పెద్దవాళ్లు టీ తాగుతుంటే బిడ్డ కప్పు కోసం చేయి చాస్తుంది. అప్పుడు ఆ చేతిలో గోరువెచ్చని పాలున్న మరో కప్పు పెడితే మారాం రెండు మూడు రోజులకు మించి ఉండదు.